చలిని నిల్వ చేయడం: కంపనాన్ని సహించని పరికరాల కోసం

(విశాఖపట్నంలో భౌతికశాస్త్ర, ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

వేదిక మీది పెద్దలకు, ఆచార్యులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయేది చలిని పుట్టించడం గురించి కాదు, పుట్టిన చలిని కొంతసేపు కదలకుండా నిలబెట్టుకోవడం గురించి. అతిశీతల విజ్ఞానంలో మొదటి విషయానికి దక్కినంత పేరు రెండోదానికి దక్కలేదు. ఎవరు ఎంత తక్కువ ఉష్ణోగ్రతను చేరుకున్నారన్నది పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. చేరుకున్న తరువాత యంత్రాన్ని ఆపి, ఆ చలిలో ఒక సున్నితమైన కొలతను ఎలా పూర్తి చేశారన్నది మాత్రం ప్రయోగశాలల నోటు పుస్తకాలు దాటి బయటికి రావడం అరుదు. నిజానికి కొలత మంచిదా కాదా అన్నది చాలాసార్లు ఈ రెండో విషయమే తేలుస్తుంది.

ముందుగా, ఎవరికి ఈ అవసరం? ఒక పదార్థపు ఉపరితలాన్ని పరమాణువు పరమాణువుగా చూపించే స్కానింగ్ టనెలింగ్ సూక్ష్మదర్శినిని తీసుకోండి. సన్నని లోహపు మొనను ఉపరితలానికి ఒక నానోమీటరు కంటే తక్కువ దూరంలో నిలిపి, ఆ ఖాళీ గుండా పారే విద్యుత్తును అది కొలుస్తుంది. ఆ ఖాళీ ఒక ఆంగ్‌స్ట్రామ్, అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు, మారితే చాలు, విద్యుత్తు దాదాపు పది రెట్లు మారిపోతుంది. అంటే ఆ పరికరం తన మొనను పికోమీటర్ల (ఆంగ్‌స్ట్రామ్‌లో వందో వంతుల) స్థాయిలో స్థిరంగా ఉంచుకోవాలి. ఉష్ణ చలనాన్ని అణచడానికి, అతివాహకాల (నిరోధం లేకుండా విద్యుత్తును మోసే పదార్థాల) శక్తి అంతరాల వంటి సూక్ష్మ విషయాలను చూడడానికి దానికి తీవ్రమైన చలి కావాలి. కదలికను మాత్రం అది ఏమాత్రం భరించలేదు. గురుత్వ తరంగాల శోధకాలు, అరుదైన కణ సంఘటనల కోసం ఎదురుచూసే స్ఫటిక శోధకాలు, ఎక్స్-కిరణాల శక్తిని ఒక్కొక్క ఫోటాన్‌గా కొలిచే సూక్ష్మ ఉష్ణమాపకాలు, ఘనీభవించిన ప్రోటీన్లను చూసే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులు కూడా ఈ కుటుంబంలోనివే.

ఇక చలిని ఇచ్చే యంత్రాల సంగతి. ఈ రోజుల్లో 4 కెల్విన్ (సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) చలి కావాలంటే చాలా ప్రయోగశాలలు గిఫర్డ్-మెక్‌మాన్ రకం కూలరునో, పల్స్ ట్యూబ్ కూలరునో వాడతాయి. ఏడెనిమిది కిలోవాట్ల విద్యుత్తు తీసుకునే కంప్రెసరు ఒకటి హీలియం వాయువును వత్తి పంపుతుంది. సుమారు సెకనుకు ఒకసారి ఆ పీడనం పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఇంత చేస్తే చల్లని చివర దొరికేది 4.2 కెల్విన్ దగ్గర ఒకటి రెండు వాట్ల శీతలీకరణ శక్తి మాత్రమే. గిఫర్డ్-మెక్‌మాన్ కూలరు లోపల ఒక ముషలకం పైకీ కిందికీ కదులుతుంది. పల్స్ ట్యూబ్ చల్లని భాగంలో కదిలే వస్తువే లేదు. అయినా లోపలి పీడనం మారినప్పుడల్లా దాని పల్చని స్టీలు గొట్టాలు సాగి ముడుచుకుంటాయి. ఆ సాగుడు పది మైక్రాన్ల స్థాయిలో ఉంటుంది. ఒక పరమాణువు వెడల్పుతో పోలిస్తే అది సుమారు నలభై వేల రెట్లు. దీనికి తోడు, పీడనం లయలోనే ఉష్ణోగ్రత కూడా పైకీ కిందికీ ఊగుతుంది.

విశాఖలో ఈ పని చేయదలచినవారు కంపనం గురించి మరికాస్త ఎక్కువగా ఆలోచించవలసి ఉంటుంది. మన నగరం కింద ఖోండలైట్ వంటి గట్టి రాయి ఉంది, పునాదికి అది మేలే. కానీ మన ముందు సముద్రం ఉంది. సముద్రపు అలలు భూమిలో కొన్ని సెకన్లకు ఒకసారి ఊగే అతి నెమ్మది కంపనాలను నిరంతరం పుట్టిస్తాయి. తుఫాను రోజుల్లో అవి బాగా పెరుగుతాయి. ఓడరేవు ఉంది, సరుకు రైళ్లు ఉన్నాయి, భవనంలోనే ఎయిర్ కండిషనర్ల కంప్రెసర్లు, లిఫ్టులు ఉన్నాయి. వీటిలో చాలావాటి నుంచి రక్షణ పొందే మార్గాలు తెలిసినవే. బరువైన బల్లను గాలి కాళ్ల మీద నిలపవచ్చు, పరికరాన్ని పొడవాటి స్ప్రింగులకు వేలాడదీయవచ్చు, రాత్రి పూట కొలవవచ్చు. సముద్రపు నెమ్మది ఊగుడును ఇవి పెద్దగా ఆపలేవు, అయితే అది పరికరాన్ని మొత్తంగా కదిలిస్తుంది కాబట్టి మొనకూ ఉపరితలానికీ మధ్య దూరాన్ని అంతగా మార్చదు. బయటి కంపనం మన శత్రువే, కానీ అది గోడ అవతలి శత్రువు.

కూలరు అలా కాదు. అది పరికరాన్ని ముట్టుకుని ఉంటుంది. పరికరంలోని వేడి కూలరుకు చేరాలంటే రెంటి మధ్య పొట్టిగా, మందంగా, గట్టిగా ఉండే లోహబంధం కావాలి. కూలరు కంపనం పరికరానికి చేరకూడదంటే అదే బంధం పొడవుగా, పల్చగా, మెత్తగా ఉండాలి. వేడి పోయే దారే కుదుపు వచ్చే దారి. ఈ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ ఎదుర్కొనే అసలు చిక్కు ఇదే, దయచేసి దీన్ని గుర్తుంచుకోండి.

దీనికి రాజీ మార్గాలు ఉన్నాయి. సన్నని రాగి తీగలను జడలా అల్లి బంధంగా వాడతారు. కూలరుకూ పరికరానికీ మధ్య లోహమే లేకుండా హీలియం వాయువు నింపిన ఖాళీ గుండా వేడిని పంపి, కంపనాన్ని పదుల నానోమీటర్లకు తగ్గించినవారు ఉన్నారు. ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింద, దాదాపు 10 మిల్లీకెల్విన్ ఉష్ణోగ్రతలో అరుదైన కణ సంఘటనల కోసం వెతికే క్యుయోర్ ప్రయోగంలో, అనేక పల్స్ ట్యూబుల లయలను ఒకదానికొకటి ఎదురుగా సర్ది, కంపనాలు పరస్పరం రద్దయ్యేలా చేశారు. జపాన్‌లోని కమియోకా గని ప్రాంతంలో భూగర్భంలో నిర్మించిన కాగ్రా గురుత్వ తరంగ శోధకంలో నీలమణి స్ఫటికపు అద్దాలను 20 కెల్విన్ దగ్గరికి చల్లబరచడానికి, కంపనం తక్కువగా ఉండేలా ప్రత్యేకంగా అమర్చిన పల్స్ ట్యూబ్ కూలర్లనూ, మెత్తటి లోహ బంధాలనూ వాడతారు. ఇవన్నీ గొప్ప ఇంజనీరింగ్ పనులు. అయినా వీటన్నిటిలోనూ కొలత జరుగుతున్నంతసేపూ యంత్రం నడుస్తూనే ఉంటుంది.

కొలత కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటలలోపు పూర్తయ్యేదైతే, ఇంతకంటే సూటి అయిన మార్గం మరొకటి ఉంది. కుళాయి వచ్చే వేళ డ్రమ్ము నింపుకుని, కుళాయి కట్టేశాక ఆ నీళ్లతో పని గడుపుకున్నట్టే, కూలరు నడుస్తున్నప్పుడు చలిని ఒక పాత్రలో నింపుకోవాలి. కొలత మొదలయ్యే ముందు కూలరును ఆపేయాలి. పరికరం ఆ పాత్ర మీద ఆధారపడి పని ముగించుకుంటుంది. కంపనాన్ని తగ్గించడానికి ప్రయాసపడడం కాదు, కంపనం పుట్టే వేళనూ కొలిచే వేళనూ విడదీయడం. ఈ ఆలోచన వినడానికి చాలా సులువు. ఆ పాత్రలో ఏమి నింపాలన్న ప్రశ్న దగ్గర కష్టం మొదలవుతుంది.

చలి అనేది విడిగా ఉన్న ఒక పదార్థం కాదని మీకు తెలుసు. చలిని నిల్వ చేయడమంటే, తన ఉష్ణోగ్రత పెద్దగా పెరగకుండానే వచ్చిన వేడిని మింగగలిగే పదార్థాన్ని దగ్గర పెట్టుకోవడమే. గది ఉష్ణోగ్రతలో ఏ లోహపు దిమ్మె అయినా ఈ పని చేస్తుంది. రాగి కిలోకు, కెల్విన్‌కు 385 జౌళ్లు తీసుకుంటుంది. అదే రాగి ద్రవ నత్రజని ఉష్ణోగ్రత అయిన 77 కెల్విన్ దగ్గర అందులో సగం తీసుకుంటుంది. 20 కెల్విన్ దగ్గర సుమారు ఏడెనిమిది జౌళ్లు. 4 కెల్విన్ దగ్గర 0.1 జౌల్ కూడా లేదు. అంటే గది ఉష్ణోగ్రతలో ఉన్న ఉష్ణధారణలో (వేడిని మింగే సామర్థ్యంలో) నాలుగు వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే మిగిలింది. ఐన్‌స్టీన్ 1907లో, డెబై 1912లో వివరించినది ఇదే. ఘనపదార్థంలో పరమాణువుల కంపనాలు శక్తిని చిన్న చిన్న మొత్తాలుగా మాత్రమే తీసుకోగలవు, ఉష్ణోగ్రత పడిపోయిన కొద్దీ ఆ మొత్తాలను తీసుకోవడానికి తగినంత ఉష్ణ చలనం మిగలదు. స్ఫటిక జాలకపు ఉష్ణధారణ ఉష్ణోగ్రత ఘనానికి అనులోమంగా తగ్గిపోతుంది.

దీని ఫలితం ఎంత కఠినమో ఒక లెక్క చేస్తే తెలుస్తుంది. రెండు కిలోల రాగి దిమ్మెను 4 కెల్విన్‌కు చల్లబరచి, కూలరును ఆపేశామనుకుందాం. పరికరం నుంచీ, తీగల నుంచీ వచ్చే వేడి ఒక వాట్‌లో పదో వంతు మాత్రమే అనుకుందాం. 4 నుంచి 5 కెల్విన్‌కు చేరడానికి ఆ దిమ్మె మొత్తం మింగగలిగేది పావు జౌల్. అంటే రెండున్నర సెకన్లలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగిపోతుంది. గది ఉష్ణోగ్రతలో మనకు అండగా నిలిచే లోహపు బరువు, అతిశీతలంలో బరువు మాత్రమే, అండ కాదు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు పరికరం కింద ఇంకా పెద్ద రాగి దిమ్మె పెడదామని ఆలోచించడం సహజం, అందుకే ఈ లెక్కను మీ చేత్తో మీరే ఒకసారి వేసుకోమని నా మనవి.

అందువల్ల మనం ఉష్ణధారణను వేరే చోట వెతకాలి. మొదటి చోటు, స్థితి మార్పు. ఘనం కరిగి ద్రవమయ్యేటప్పుడు ఉష్ణోగ్రత మారకుండానే గుప్తోష్ణాన్ని మింగుతుంది. నత్రజనిని మూసిన పాత్రలో 63.15 కెల్విన్ దగ్గర గడ్డకట్టించి ఉంచితే, అది కరుగుతున్నంతసేపూ ఘన, ద్రవ, వాయు స్థితులు మూడూ కలిసి ఉంటాయి. ఆ త్రిక బిందువు దగ్గర ఉష్ణోగ్రత నిలిచిపోతుంది. ఒక మోల్ నత్రజని, అంటే 28 గ్రాములు, కరగడానికి 720 జౌళ్లు తీసుకుంటుంది. పది మోళ్లు తీసుకుంటే 7,200 జౌళ్లు. ఒక వాట్ భారాన్ని అది రెండు గంటలపాటు మోస్తుంది. గడ్డకట్టినప్పుడు ఆ నత్రజని ఆక్రమించే చోటు లీటరులో మూడో వంతు కంటే పెద్దగా మించదు. అదే పని ఆ ఉష్ణోగ్రతలో రాగితో చేయాలంటే దాదాపు 50 కిలోలు కావాలి, అప్పటికీ ఉష్ణోగ్రత ఒక కెల్విన్ పెరగనే పెరుగుతుంది.

ఈ ఘటంలో శ్రద్ధ పెట్టవలసిన విషయాలు రెండు ఉన్నాయి. మొదటిది, ఘన నత్రజని వేడిని బాగా మోయదు. పైగా చల్లారుతున్న కొద్దీ కుంచించుకుని గోడను వదిలేస్తుంది. అందుకని పాత్ర లోపల రాగి రెక్కలో, రాగి నురుగు వంటి జాలకమో నింపి, నత్రజనిలో ఏ బిందువూ రాగికి కొన్ని మిల్లీమీటర్లకు మించి దూరంగా లేకుండా చూడాలి. లేకపోతే గోడ పక్కనున్న పొర కరిగిపోయి, మధ్యలో ఇంకా గడ్డ మిగిలి ఉండగానే పరికరం వేడెక్కడం మొదలవుతుంది. రెండోది, వేసవిలో విద్యుత్తు పోయి మొత్తం గది ఉష్ణోగ్రతకు వచ్చేసిందనుకోండి, ఆ పది మోళ్ల నత్రజని సాధారణ పీడనం దగ్గర దాదాపు 245 లీటర్ల వాయువు అవుతుంది. ఆ వాయువు వెళ్లడానికి బయట ఒక ట్యాంకు, దాన్ని కలిపే సన్నని గొట్టం ఉండాలి. 50 లీటర్ల ట్యాంకు అయితే పీడనం అయిదు అట్మాస్ఫియర్ల దగ్గర ఆగుతుంది. త్రిక బిందువు దగ్గరైతే లోపలి పీడనం అట్మాస్ఫియర్‌లో ఎనిమిదో వంతు మాత్రమే. ఆ సన్నని గొట్టం చివరనున్న పీడన మాపకం చూస్తే చాలు, నిల్వ త్రిక బిందువు దగ్గరే ఉందా, దాటిపోయిందా తెలిసిపోతుంది. 1990 నాటి అంతర్జాతీయ ఉష్ణోగ్రత మానం కూడా ఆర్గాన్, ఆక్సిజన్, నియాన్, హైడ్రోజన్ త్రిక బిందువులను ప్రమాణాలుగా వాడుతుంది. అంటే మంచి నిల్వ ఘటం మంచి ఉష్ణమాపక ప్రమాణం కూడా.

ఇంకా కిందికి వెళితే నియాన్ ఉంది, 24.56 కెల్విన్ దగ్గర మోల్‌కు సుమారు 335 జౌళ్లు. అది ఖరీదైన వాయువు, కానీ జడం, మంట భయం లేదు. ఆ కింద హైడ్రోజన్, 13.8 కెల్విన్. హైడ్రోజన్‌లో ఒక సూక్ష్మమైన చిక్కు ఉంది. దాని అణువులు ఆర్థో, పారా అని రెండు రకాలు. గది ఉష్ణోగ్రతలో మూడొంతులు ఆర్థో ఉంటాయి, అతిశీతలంలో దాదాపు అన్నీ పారాగా మారాలి. ఆ మార్పు మెల్లగా, గంటల తరబడి, రోజుల తరబడి జరుగుతూ వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడి హైడ్రోజన్ ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణం కంటే కూడా ఎక్కువ. ఘటంలో ఐరన్ ఆక్సైడ్ వంటి ఉత్ప్రేరకాన్ని ఉంచి ఆ మార్పును ముందే పూర్తి చేయించకపోతే, మన నిల్వ తన వేడికి తానే కరిగిపోతుంది.

హైడ్రోజన్ తరువాత ఒక పెద్ద ఖాళీ వస్తుంది. మిగిలిన మూలకం హీలియం ఒక్కటే, అది తన సొంత ఆవిరి పీడనం కింద ఎంత చల్లబరచినా గడ్డకట్టదు, సుమారు 25 అట్మాస్ఫియర్లు వత్తితేనే ఘనమవుతుంది. కాబట్టి ఘన, ద్రవ, వాయు త్రిక బిందువు హీలియానికి లేదు. అక్కడ మరో తర్కం కావాలి.

హీలియం గురించి తెలుగువారికి చెప్పేటప్పుడు నాకు ప్రత్యేకమైన ఆనందం ఉంటుంది. 1868 ఆగస్టు 18న గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సాగిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచ్ ఖగోళవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు ఖగోళవేత్త పోగ్సన్ వర్ణపటమాపకాలతో పరిశీలించారు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిలో ఆ రోజు కనిపించిన పసుపు గీత సోడియంది కాదని, ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ పరిశీలనలతో తేలింది. ఆ గీత వెనకనున్న కొత్త మూలకమే హీలియం. భూమి మీద దాన్ని రసాయనవేత్త రామ్సే 1895లో పట్టుకున్నాడు. 1908 జులై 10న లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ దాన్ని ద్రవంగా మార్చాడు. మన నేల మీద నిలబడి చూసిన ఆ గీత వెనకనున్న పదార్థమే నేడు ప్రపంచంలోని అతిశీతల ప్రయోగశాలలన్నిటికీ ఆధారం.

ద్రవ హీలియం 4.2 కెల్విన్ దగ్గర గ్రాముకు, కెల్విన్‌కు నాలుగు జౌళ్లకు పైగా వేడిని తీసుకుంటుంది. అంటే మనం తాగే నీటితో సమానంగా, ఇంకా కొంచెం ఎక్కువగా. చుట్టూ ఉన్న రాగి, స్టీలు, అల్యూమినియం అన్నీ ధారణ కోల్పోయిన చోట, ఇదొక్కటే పుష్కలంగా ధారణ ఉన్న పదార్థం. బరువుకు బరువు పోలిస్తే రాగి కంటే పదివేల రెట్ల స్థాయిలో ఎక్కువ. అందువల్ల 4 కెల్విన్ కూలరు చివర ఒక చిన్న మూసిన పాత్రలో హీలియం నింపితే, కూలరు లయతో ఊగే ఉష్ణోగ్రత అక్కడికక్కడే చదునవుతుంది. కూలరు ఆపినప్పుడు నూరు ఘన సెంటీమీటర్ల హీలియం 4.2 నుంచి 5 కెల్విన్ లోపు పదుల జౌళ్లు మింగి, వాట్‌లో పదో వంతు భారాన్ని నిమిషాల పాటు మోస్తుంది. రాగి దిమ్మె ఇచ్చిన రెండున్నర సెకన్లు గుర్తు తెచ్చుకోండి.

ఇంకా ఎక్కువ సమయం కావాలంటే హీలియాన్ని ఆవిరి కానివ్వాలి. ఒక లీటరు ద్రవ హీలియం 125 గ్రాములు, గ్రాముకు దాదాపు 20.7 జౌళ్ల గుప్తోష్ణం, మొత్తం 2,600 జౌళ్లు. ఇది చిన్న సంఖ్యే, అదే లీటరు ద్రవ నత్రజని అరవై రెట్లు ఎక్కువ తీసుకుంటుంది. అయినా పదో వంతు వాట్ భారానికి ఆ ఒక్క లీటరు ఏడు గంటలు సరిపోతుంది. ఏడు గంటల మౌనం అంటే సూక్ష్మదర్శినితో పనిచేసేవారికి ఒక పూర్తి రాత్రి కొలత.

అయితే మరుగుతున్న ద్రవం మౌనంగా ఉండదు. బుడగలు పుట్టి పైకి లేచి పగిలినప్పుడల్లా పాత్ర కుదుపుకు లోనవుతుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినుల శీతల నమూనా హోల్డర్లలో ద్రవ నత్రజని బుడగల వల్ల చిత్రాలు చెదరడం బాగా తెలిసిన సమస్య. టనెలింగ్ సూక్ష్మదర్శినులతో పనిచేసేవారు దీనికి చేసే ఉపాయం చాలా అందంగా ఉంటుంది. నత్రజని పాత్ర మీద పంపుతో ఆవిరిని లాగి, ఉష్ణోగ్రతను 77 నుంచి 63 కెల్విన్‌కు దించి, మొత్తాన్ని గడ్డకట్టిస్తారు. గడ్డలో బుడగలుండవు. హీలియానికి ఈ పని దాని స్వభావమే చేసిపెడుతుంది. 2.17 కెల్విన్ కిందికి దించగానే అది సూపర్‌ఫ్లూయిడ్ (జిగట లేకుండా పారే ద్రవం) అవుతుంది. 1932లో టొరంటోలో మక్లెనన్ బృందం ఆ ఉష్ణోగ్రత దాటగానే ద్రవంలో మరుగు ఒక్కసారిగా ఆగిపోవడం గమనించింది. సూపర్‌ఫ్లూయిడ్ హీలియం వేడిని ఎంత వేగంగా మోస్తుందంటే, లోపల ఏ ఒక్క చోటా బుడగ పుట్టేంత వేడి పోగుపడదు, ఆవిరి ఉపరితలం నుంచి మాత్రమే చప్పుడు లేకుండా వెళ్లిపోతుంది. అణచలేని కంపనాన్ని అణచడానికి జీవితాలు వెచ్చించేవారికి ప్రకృతి ఇచ్చిన అతి పెద్ద సహాయం ఇదేనని నా అభిప్రాయం.

ఉష్ణధారణ దొరికే మరో చోటు అయస్కాంతత్వం. కొన్ని అరుదైన మృత్తిక లోహాల సమ్మేళనాల్లో, ఉదాహరణకు ఎర్బియం-నికెల్, హోల్మియం-రాగి సమ్మేళనాల్లో, పరమాణువుల అయస్కాంత భ్రమణాలు కొన్ని కెల్విన్‌ల దగ్గర ఒక క్రమంలోకి వచ్చి సర్దుకుంటాయి. ఆ క్రమం చెదరడానికి వేడి కావాలి కాబట్టి ఆ ఉష్ణోగ్రత దగ్గర వాటి ధారణ ఒక్కసారిగా శిఖరంలా లేస్తుంది. గడోలినియం ఆక్సీసల్ఫైడ్‌కు ఆ శిఖరం 5 కెల్విన్ దగ్గర ఉంటుంది. నేటి 4 కెల్విన్ కూలర్లు పనిచేయగలగడానికి, వాటి రీజెనరేటర్లలో (వాయువు వస్తూ పోతూ వేడిని ఇచ్చి పుచ్చుకునే భాగాల్లో) నింపిన ఇలాంటి గుండ్లే కారణం. వాయువు లీకవుతుందన్న భయం లేకుండా, ట్యాంకూ గొట్టమూ అక్కర లేకుండా చలిని నిల్వ చేయాలంటే ఇవి చక్కగా పనికొస్తాయి. ఖర్చు మాత్రం ఎక్కువే.

ఒక కెల్విన్ కిందికి వెళ్లేవారికి అయస్కాంత లవణాలు ఉన్నాయి. డెబై 1926లో, తరువాత జియాక్ సూచించిన పద్ధతిది. 1933లో జియాక్, మక్‌డూగల్ దాన్ని ప్రయోగంలో చేసి చూపారు. లవణాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి, ఆ సర్దుబాటుతో పుట్టిన వేడిని కూలరుకు పంపేసి, ఉష్ణ బంధాన్ని తెంచి, క్షేత్రాన్ని మెల్లగా తగ్గిస్తే లవణం చల్లబడుతుంది. కదిలే భాగమేదీ లేదు, వాయువు లేదు, మారేది అయస్కాంతపు తీగచుట్టలో విద్యుత్తు మాత్రమే. 2023 సెప్టెంబరులో జపాన్ నుంచి అంతరిక్షానికి వెళ్లిన క్రిజ్మ్ ఎక్స్-కిరణ దూరదర్శిని తన శోధకాన్ని 0.05 కెల్విన్ దగ్గర ఈ పద్ధతితోనే ఉంచుతుంది. హీలియం-3 వాయువుతో పనిచేసే అధిశోషణ శీతలకాలు కూడా ఈ కోవలోవే. బొగ్గును వేడిచేసి హీలియం-3ని విడుదల చేసి ద్రవంగా దింపుకుంటారు. తరువాత బొగ్గును చల్లబరిస్తే అదే కదలని పంపుగా మారి ఆవిరిని పీల్చుకుంటూ ద్రవాన్ని 0.3 కెల్విన్ దగ్గర ఒక రోజుకు పైగా నిలుపుతుంది. ఆ నిల్వ అయిపోయాక మళ్లీ బొగ్గు వేడిచేసి నింపుకోవాలి.

ఇన్ని రకాల పాత్రల గురించి చెప్పినా, పాత్రకూ కూలరుకూ మధ్య ఒక తలుపు లేకపోతే అంతా వృథా. కూలరు నడుస్తున్నప్పుడు చలిని తెచ్చిన లోహపు దారే, అది ఆగగానే గది వేడిని లోపలికి తెస్తుంది. అందుకని వాయు అంతర ఉష్ణ స్విచ్ వాడతారు. రెండు రాగి స్థూపాకారాలు ఒకదానిలో ఒకటి తాకకుండా, మిల్లీమీటరులో పదో వంతు ఖాళీతో అమరి ఉంటాయి. ఆ ఖాళీకి ఒక చిన్న బొగ్గు గుళికను కలుపుతారు. గుళికను కాస్త వేడిచేస్తే అందులోని హీలియం లేదా హైడ్రోజన్ బయటికి వచ్చి ఖాళీని నింపి వేడిని మోస్తుంది. గుళికను చల్లబడనిస్తే వాయువు మళ్లీ బొగ్గులోకి పోయి, ఖాళీ శూన్యమై, తలుపు మూసుకుంటుంది. స్విచ్ మూసినప్పుడు కారే వేడి, తీగల నుంచి కారే వేడి, వికిరణపు వేడి, ఈ మూడింటినీ కలిపి వచ్చే సంఖ్యను బట్టే నిల్వ ఎంతసేపు ఉంటుందన్నది తేలుతుంది. నిల్వ పదార్థాన్ని రెట్టింపు చేయడం కంటే ఈ సంఖ్యను సగానికి తగ్గించడం చాలాసార్లు సులువు.

ఇప్పుడు మన సంగతి. భారతదేశం వాడే హీలియంలో దాదాపు మొత్తం దిగుమతే. ఆవిరి చేసి గాలిలోకి వదిలేసే పాత పద్ధతిలో హీలియంతో చలిని కాపాడుకోవడం మన విశ్వవిద్యాలయాల బడ్జెట్లకు కష్టమవుతూ వస్తోంది. మూసిన ఘటంలో ఒకసారి నింపిన వాయువుతో పనిచేసే నిల్వ పద్ధతులు అందుకే మనకు ఎక్కువ అవసరం. ఇంకొక కారణం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి విద్యుత్తు లేకుండా గడిపిన సంగతి మీకందరికీ తెలుసు. అంత పెద్ద తుఫానుకు ఏ నిల్వా చాలదు, కానీ ఒక అరగంట కోత వచ్చినప్పుడు సున్నితమైన శోధకం వేడెక్కి, మళ్లీ చల్లబరచడానికి రెండు రోజులు పట్టే పరిస్థితిని ఈ ఘటాలు తప్పించగలవు. కంపనం కోసం నిర్మించినది విద్యుత్తు కోతకూ పనికొస్తుంది.

ఇక్కడ ఈ పని మొదలుపెట్టాలనుకునే విద్యార్థులు ముందుగా నత్రజనితో మొదలుపెట్టండి. అది చవక, విషం కాదు, మండదు, గాలిని విడగొట్టే పరిశ్రమలున్న ఈ నగరంలో దొరకడం కష్టం కాదు. 63 కెల్విన్ ఘటాన్ని ఒకటి చేయండి. దానికి కంపనాన్ని కొలిచే మాపకాన్ని బిగించి, కూలరు నడుస్తున్నప్పుడూ ఆగినప్పుడూ కంపన వర్ణపటాలను ఒకే కాగితం మీద గీయండి. ఉష్ణోగ్రత ఎంతసేపు సమతలంగా నిలిచిందో, మీరు లెక్కించిన గుప్తోష్ణంలో ఎన్నో వంతు నిజంగా చేతికొచ్చిందో చూడండి. లెక్కకూ కొలతకూ తేడా వస్తే, నేను ముందుగా అనుమానించేది రాగి రెక్కల మధ్య దూరాన్ని, ఆ తరువాత స్విచ్ సరిగా మూసుకోకపోవడాన్ని. ఘటాన్ని సీలు చేసే ముందు ట్యాంకు పరిమాణాన్ని గది ఉష్ణోగ్రత దగ్గర మరోసారి లెక్కించండి, మే నెల విశాఖ ఎండలో 40 డిగ్రీలు తీసుకుని లెక్కించండి, ట్యాంకుకు భద్రతా వాల్వు తప్పనిసరిగా పెట్టండి. గదిలో ఆక్సిజన్ మాపకం లేకుండా నత్రజనితో ఎవరూ ఒంటరిగా పనిచేయకండి. నత్రజని గాలిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది, దానికి వాసన ఉండదు, ఊపిరాడడం లేదన్న హెచ్చరికను శరీరం ఇవ్వదు.